రిసెప్షన్ గది దాటి



మన దగ్గర బడులు తెరిచేది జూన్‌లోనే అయినా, మూడేళ్ల పిల్లలకు సీటు వేట సంక్రాంతికే మొదలవుతుంది. ఆటోల వెనక, కరెంటు స్తంభాల మీద, సెల్‌ఫోన్ తెరల మీద ప్లేస్కూళ్ల ప్రకటనలు వరస కడతాయి. ఏసీ గదులు, సీసీ కెమెరాలు, ఇంగ్లీషులో మాట్లాడే టీచర్లు, రంగురంగుల జారుడుబల్ల, గుమ్మం ముందు ఆగే వ్యాను. ఇందులో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ పిల్లకు అక్కడ పొద్దు ఎలా గడుస్తుందో మాత్రం వీటిలో ఏ ఒక్కటీ చెప్పదు. హోటల్లో కూర బాగాలేకపోతే తిన్నవాడు మళ్లీ ఆ గడప తొక్కడు. ఇక్కడ డబ్బు కట్టేది ఒకరు, తినేది ఇంకొకరు; తిన్నవారికి ఇంకా మాటలే సరిగా రావు. సాయంత్రం ఇంటికొచ్చిన పిల్లను ‘ఇవాళ ఏం చేశావమ్మా’ అని అడిగితే ‘ఆడుకున్నా’ అంటుంది, లేదా ఆ మాటకూడా అనకుండా బొమ్మ వెతుక్కుంటూ పోతుంది. అందువల్ల చిన్నపిల్లల చదువు, సంరక్షణ విషయంలో మంచిచెడ్డలు కొనేవారి కంటికి ఒక పట్టాన ఆనవు. వాటిని ఎక్కడ వెతకాలన్నదే ఈ పూట మన ప్రసంగ విషయం.

కంటికి ఆనవు అనడానికి ఆధారం ఉంది. 1990లలో అమెరికాలోని నాలుగు రాష్ట్రాల్లో సుమారు 400 శిశుసంరక్షణ కేంద్రాలను పరిశీలించారు. శిక్షణ పొందిన పరిశీలకులు తరగతిలో కూర్చుని మార్కులు వేశారు. అదే కేంద్రానికి తమ పిల్లలను పంపుతున్న తల్లిదండ్రుల చేత కూడా వేయించారు. తల్లిదండ్రుల మార్కులు చాలా ఎక్కువగా వచ్చాయి. ఆ వివరాలనే తీసుకుని ఒక ఆర్థికవేత్త 2007లో ఇంకాస్త లోతుకు వెళ్లారు. తల్లిదండ్రులు దేన్ని చూసి మోసపోతున్నారని ఆయన ప్రశ్న. దొరికిన జవాబుల్లో ఒకటి రిసెప్షన్ గది. ముందుగది అద్దంలా మెరుస్తుంటే లోపల కూడా అంతా సవ్యంగానే ఉంటుందని పెద్దలు అనుకుంటున్నారు. లెక్కలు మాత్రం వేరే చెప్పాయి: లాభాపేక్ష లేని కేంద్రాల్లో రిసెప్షన్ మరీ మెరిసిపోయే చోట, తల్లిదండ్రుల కంట పడని విషయాల్లో నాణ్యత తక్కువగా ఉండే ధోరణి కనిపించింది. ఇది తల్లిదండ్రుల తెలివిని ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. వాళ్లను అంతవరకే రానిస్తున్నారు కాబట్టి అంతవరకే చూస్తున్నారు. నడిపేవారు కూడా ఖర్చును కనబడే చోట పెడుతున్నారు. మన ఊళ్లో ఆ రిసెప్షన్ గది స్థానంలో గోడల మీద కార్టూన్ బొమ్మలు, ఆర్చి గేటు, పేరు చివర ‘ఇంటర్నేషనల్’ అన్న మాట ఉండొచ్చు, అంతే తేడా.

ఏదో ఒక చోట చేర్చేస్తే చాలదా, కనీసం నలుగురు పిల్లల్లో కలుస్తారు కదా అని అడగవచ్చు. చాలదనడానికి రెండు ఉదాహరణలు చెబుతాను; రెండూ అమెరికావే. 1962 నుంచి 1967 వరకు మిచిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి పట్టణంలో పెర్రీ ప్రీస్కూల్ అనే ప్రయోగం నడిచింది. పేద నల్లజాతి కుటుంబాలకు చెందిన 123 మంది పిల్లలను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మాత్రం రెండేళ్ల పాటు మంచి పూర్వప్రాథమిక విద్య అందించారు. ఆరుగురు పిల్లలకు సుమారుగా ఒక టీచరు. ఆ టీచరే వారానికోసారి పిల్లల ఇంటికి వెళ్లి తల్లితో కూర్చునేది. ఆ పిల్లలు నలభయ్యేళ్ల వారయ్యేదాకా పరిశోధకులు వారిని విడవకుండా కలుస్తూ వచ్చారు. బడి చదువు పూర్తిచేయడంలో, సంపాదనలో, పోలీసు కేసుల్లో ఇరుక్కోకుండా ఉండటంలో ఆ గుంపు ముందుంది. ఇక రెండోది. టెనెసీ రాష్ట్రం పేద పిల్లల కోసం పెద్ద ఎత్తున ప్రీస్కూళ్లు నడిపింది. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువ రావడంతో లాటరీ తీశారు. అందువల్ల సీటు వచ్చినవారినీ రానివారినీ పోల్చే అవకాశం దొరికింది. 2022లో వెలువడిన ఫలితాలు చాలామందిని నివ్వెరపరిచాయి. ఆరో తరగతికి వచ్చేసరికి, ప్రీస్కూలుకు వెళ్లిన పిల్లలే చదువులోనూ క్రమశిక్షణలోనూ వెనకబడి ఉన్నారు. రెండు చోట్లా బోర్డు మీద పేరు ఒకటే. లోపల జరిగింది ఒకటి కాదు. చేరడం వల్ల మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు ‘ఎక్కడ’ అన్నది తేలకుండా జవాబు లేదు.

మన సంగతికి వస్తే, 2011 నుంచి 2016 వరకు ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి రాజస్థాన్, అస్సాం, తెలంగాణ పల్లెల్లో సుమారు 14 వేల మంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా వెంబడించాయి. ఎక్కువ మంది పిల్లలు అప్పటికే అంగన్‌వాడీలోనో ప్రైవేటు బడిలోనో పేరు నమోదై ఉన్నారు. అంటే చేర్పించడం అన్న సమస్య చాలావరకు తీరిపోయింది. అయినా ఐదేళ్లు నిండేసరికి ఆ వయసుకు రావలసిన సంసిద్ధత చాలామందిలో లేదు. ఎందుకో తరగతి గదుల్లోకి వెళ్లి చూస్తే తెలిసింది. అంగన్‌వాడీల్లో చదువుకు కేటాయించే సమయం కొద్దిగానే ఉంది. ప్రైవేటు బడుల్లో సమయం బోలెడు ఉంది కానీ, అదంతా ఒకటో తరగతిని ముందుకు లాక్కొచ్చి నాలుగేళ్ల పిల్లల ముందు పెట్టడానికే సరిపోయింది: ఎత్తి రాయడం, అప్పజెప్పడం, అంకెలు దిద్దడం. ఫీజు కట్టే బడికీ కట్టని కేంద్రానికీ మధ్య మనం ఊహించుకునే పెద్ద అగాధం ఆ గదుల్లో కనిపించలేదు. పిల్లల వయసుకు తగిన ఆటపాటలు జరిగిన కొద్దిచోట్ల మాత్రం ఫలితం బాగుంది. అది తర్వాతి తరగతుల్లోనూ నిలిచింది.

మరి ఆ కొద్దిచోట్ల ఏముంది? ఇంగ్లండులో 1997లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం 141 కేంద్రాల్లోని సుమారు 3000 మంది పిల్లలను మూడేళ్ల వయసు నుంచి వెంబడించింది. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యురాలు కాథీ సిల్వా, ఆమె సహచరులు చేసిన పని అది. మంచి ఫలితాలు వచ్చిన కేంద్రాల్లో వారికి కొట్టొచ్చినట్టు కనిపించింది, టీచరూ పిల్లా ఒకే విషయం మీద కాసేపు నిలిచి మాట్లాడుకోవడం. బియ్యపుగింజను మోసుకుపోతున్న చీమను పిల్లవాడు చూపిస్తాడు. ‘ఆ, చూశాలే, కూర్చో’ అనే టీచరు ఉంటుంది. ‘ఎక్కడికి మోసుకుపోతోందంటావు?’ అనే టీచరూ ఉంటుంది. రెండో ఆవిడ దగ్గర ఆ మాట మరో నాలుగు మాటలవుతుంది. ఇద్దరూ చీమల బారు వెంట గోడ దాకా నడుస్తారు. అంత గింజ అంత చిన్న కన్నంలో పడుతుందా అని తర్జనభర్జన పడతారు. ఆ ఐదు నిమిషాల్లో భాష ఉంది, కొలత ఉంది, కారణం వెతకడం ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, తన మాటకు పెద్దవాళ్లు ఆగుతారన్న నమ్మకం ఉంది. దీనికి ఏసీ అక్కరలేదు. ఇది కరపత్రంలో అచ్చువేసేది కాదు కాబట్టి ఎవరూ అచ్చువేయరు. నా వాదమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది: మూడేళ్ల పిల్ల విషయంలో నాణ్యత అంటే ఆ పిల్లకూ, దగ్గరున్న పెద్ద మనిషికీ మధ్య గంట గంటకూ నడిచేది. మిగిలినవన్నీ దానికి తోడ్పడినంత వరకే లెక్కలోకి వస్తాయి.

అందుకే చేర్చే ముందు ఒక గంట, పిల్లలు ఉన్న వేళలో, తరగతి గదిలో ఒక మూల కూర్చోనివ్వమని అడగండి. ఖాళీ గది చూపిస్తే చూసినట్టు కాదు. మీరు లోపలికి రాగానే పిల్లలంతా లేచి ఒక్క గొంతుతో గుడ్ మార్నింగ్ చెబితే ముచ్చటేస్తుంది. దానివల్ల తెలిసేదేమీ లేదు. ఓ పదినిమిషాలకు మిమ్మల్ని మరిచిపోతారు, అప్పటి నుంచి చూడండి. టీచరు ఎక్కడుంది? బల్ల వెనక కుర్చీలోనా, పిల్లల మధ్య చాప మీదా? పిల్లలను పేరు పెట్టి పిలుస్తోందా, ‘ఏయ్, ఎర్ర చొక్కా’ అంటోందా? ఆమె అడిగే ప్రశ్నలకు అందరూ ఒకేసారి అరిచి చెప్పే జవాబులేనా, ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పగలిగేవి కూడా ఉన్నాయా? గదిలో ఎవరి గొంతు ఎక్కువ వినిపిస్తోంది? పిల్లలు మాట్లాడుకునే సందడి వేరు, పెద్దలు అదుపు చేయలేని గోల వేరు. పది నిమిషాలు కూర్చుంటే చెవికే తెలిసిపోతుంది. ఇక పూర్తి నిశ్శబ్దంగా ఉన్న మూడేళ్ల పిల్లల గదిని చూస్తే నాకు భయం. ఇద్దరు ఒకే బొమ్మ కోసం కొట్టుకున్నప్పుడు, ఒకడు నిక్కరు తడుపుకున్నప్పుడు, పొద్దున్నే అమ్మను వదల్లేక ఒకతె గుక్కపట్టి ఏడ్చినప్పుడు ఏం జరుగుతుందన్నది మొత్తం సిలబస్ కంటే ఎక్కువ చెబుతుంది. తడుపుకున్న పిల్లవాణ్ణి నలుగురిలో సిగ్గుపరిచే చోట చదువు ఎంత బాగున్నా అనవసరం. అన్నం వేళ చూడండి: గబగబా నోట్లో కుక్కుతున్నారా, తమంతట తాము కలుపుకుని ఒలకబోసుకుని తిననిస్తున్నారా? మరుగుదొడ్డి చూడండి, పిల్లల ఎత్తుకు తగ్గట్టు ఉందా, తలుపుకు లోపలి గడియ పడితే బయటినుంచి తీసే వీలుందా, తోడు ఎవరు వెళతారు? ఇంకో మాట. కొత్తమనిషి కనబడగానే పిల్లలందరూ వచ్చి మీదపడి చెయ్యి పట్టుకుంటే మురిసిపోవద్దు. అది అక్కడి పెద్దల దగ్గర దొరకని దగ్గరితనం కోసం ఆకలి కావచ్చు.

పిల్లల మాటకు ఆగి మాట్లాడే మనిషి దొరకడం మన అదృష్టమా, లేక దానికి కొన్ని షరతులు ఉన్నాయా? షరతులు ఉన్నాయి, వాటిని అంకెల్లో అడగవచ్చు. 2013 నాటి జాతీయ పూర్వబాల్య సంరక్షణ, విద్యా విధానం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒక పెద్ద మనిషి, మూడేళ్ల లోపు పిల్లలైతే 10 మందికి ఒకరు ఉండాలని చెబుతోంది. 30 మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది, బయట ఆడుకోవడానికి 30 చదరపు మీటర్ల స్థలం, రోజుకు మూడు నాలుగు గంటల కార్యక్రమం, మాతృభాషలో బోధన, పిల్లలను ఎప్పుడూ ఒంటరిగా వదలకపోవడం కూడా అందులో ఉన్నాయి. ఇవి కనీసపు గీతలు. ఏడాది లోపు పసిపిల్లలను పదిమందిని ఒక ఆయమ్మ ఎలా చూస్తుందో నాకు అర్థం కాదు. ఒకరిని ఎత్తుకుంటే తొమ్మిదిమంది నేలమీద ఉంటారు. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి 26 వారాల సెలవు ఇచ్చారు. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు శిశుసంరక్షణ గది ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని చెప్పారు. ఆ గది ఉందో లేదో అడిగే హక్కు ఉద్యోగినికి ఉంది. అడిగి తెలుసుకున్నాక, అందులో ఎంతమంది పిల్లలకు ఎందరు మనుషులన్నది రెండో ప్రశ్న కావాలి.

అంకెల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ టీచరు ఇక్కడ ఎన్నాళ్ల నుంచి పనిచేస్తోంది? పసివాళ్లు సంస్థను నమ్మరు, మనిషిని నమ్ముతారు. ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారిన తరగతిలో ఆ నమ్మకం మూడుసార్లు కడతారు, మూడుసార్లు కూలుతుంది. టీచర్లు ఎందుకు మారతారో అందరికీ తెలుసు. వేలల్లో, లక్షల్లో ఫీజు తీసుకునే చోట కూడా పిల్లలను నిజంగా పట్టుకుని ఉండే మనిషికి ముట్టే జీతం చాలా సందర్భాల్లో చెప్పుకోడానికి వీల్లేనంత తక్కువ. ఏ కేంద్రాన్నైనా నడిపేవారిని ‘మీ టీచర్లకు ఎంత ఇస్తారు’ అని అడిగితే మొహమాటంగా ఉంటుంది గానీ, నా ఉద్దేశంలో ఆ ఒక్క అంకె ఫ్రాంచైజీ పేరు కంటే ఎక్కువ చెబుతుంది. పేరు అన్నాను కనుక మాంటిస్సోరి గురించి కూడా ఒక్క ముక్క. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదలుపెట్టిన పద్ధతి అది. ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆ పేరు మీద ఎవరి హక్కూ లేదు కాబట్టి ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, రాసుకుంటున్నారు. టీచరుకు శిక్షణ ఎక్కడ వచ్చింది, ఆ సామగ్రి పిల్లల చేతికి అందే అరల్లో ఉందా, లేక అద్దాల బీరువాలో తాళం వేసి ఉందా అని చూస్తే చాలు. సీసీ కెమెరా సంగతీ అంతే. జరిగిన తర్వాత చూసుకోవడానికి అది పనికొస్తుంది. జరగకుండా ఆపేది మాత్రం పక్కన ఇంకో మనిషి ఉండటమే.

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వద్దాం. ఆటలు, చీమలు బాగానే ఉన్నాయి కానీ, ఒకటో తరగతికి వచ్చేసరికి పక్కింటి అబ్బాయి గుణింతాలు రాస్తుంటే, స్పెల్లింగులు చెబుతుంటే మా పిల్ల వెనకబడదా? ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కొన్ని బడులు ఎల్‌కేజీకే పరీక్ష పెడుతున్నాయి. కొన్ని ఒకటో తరగతి పుస్తకాలు పిల్లలకు చదవడం వచ్చేసిందన్న లెక్కతోనే మొదలవుతాయి. తప్పు బడిదే అయినా, నష్టం పిల్లదే కదా అని తల్లి అనుకోవడంలో అన్యాయం లేదు. కానీ చదవడానికి కింద ఏముండాలో చూద్దాం. బోలెడు మాటలు తెలిసి ఉండాలి; ‘పలక’లో మొదటి చప్పుడూ ‘పడవ’లో మొదటి చప్పుడూ ఒకటేనని చెవి పట్టుకోవాలి; కథ ముందేం జరిగింది, తర్వాతేం జరిగిందన్న వరస తెలియాలి; తన వంతు వచ్చేదాకా ఆగడం రావాలి. ఇవి పాటల్లో, కథల్లో, దాగుడుమూతల్లో, గుజ్జనగూళ్ల ఆటలో వస్తాయి. ఎత్తిరాత పుస్తకంలో రావు. అంకెల సంగతి తీసుకుంటే, వంద దాకా గడగడా చెప్పే పిల్లను ఏడు చింతగింజలు తెమ్మని అడిగి చూడండి. చాలాసార్లు తేలేదు. చేతి సంగతి మరీ స్పష్టం. మణికట్టులోని చిన్న ఎముకలు మూడేళ్లకు ఇంకా చాలావరకు మృదులాస్థిగానే ఉంటాయి. అవి గట్టిపడటం బాల్యమంతా సాగుతుంది. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చించడం ఆ చేతికి కావలసిన వ్యాయామం. రెండున్నరేళ్ల పిల్ల వేళ్ల మధ్య పెన్సిల్ ఇరికించి నాలుగు గీతల కాపీలో పేజీ నింపించడం ఆ చేతికి శిక్ష. అలాగని అక్షరాలు అంటరానివేమీ కావు. బస్సు మీది బోర్డు చూసి అదేమిటని అడిగిన పిల్లకు చెప్పాలి. బాసరలోనో ఇంటి పూజగదిలోనో పళ్లెంలో పోసిన బియ్యంలో అక్షరం దిద్దించిన మరునాడే హోంవర్కు మొదలుపెట్టడంతోనే చిక్కు.

ఈ సంగతి మనకు ఇవాళ కొత్తగా తెలిసింది కూడా కాదు. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లోనే బాలమందిరం పెట్టి, ఆటపాటలతో, కథలతో, భయం లేని చదువు నడిపించారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ తర్వాత మహారాష్ట్రలోని గిరిజన వాడల్లో, పిల్లల ఇళ్ల ముంగిళ్లకే చదువును తీసుకెళ్లారు. మన తెలుగువారికి న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పాటతో, నాటికతో, పిల్లల గొంతుతోనే పిల్లలకు ఎంత నేర్పవచ్చో రేడియోలోనే చూపించారు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా వయసును ఒకే పునాది దశగా గుర్తించడం, 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆ దశకు ఆటనే ముఖ్య సాధనంగా చెప్పడం, ఈ పెద్దలు చేసి చూపించిన దానికి ఆలస్యంగా వచ్చిన ప్రభుత్వ ముద్ర.

ఇంగ్లీషు గురించి అడగకుండా ఏ తెలుగు తల్లీ తండ్రీ ఊరుకోరు. ఊరుకోవలసిన పనీ లేదు. ఇంగ్లీషు ఉద్యోగానికి దారి అన్న సంగతి కూలిపనికి వెళ్లే తల్లికి కూడా తెలుసు, ఆమె లెక్క తప్పు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించిన యంగ్ లైవ్స్ అధ్యయనం కూడా, పేద కుటుంబాలు సైతం అప్పోసప్పో చేసి చిన్నతనంలోనే ఇంగ్లీషు ప్రైవేటు బడి వైపు నడుస్తున్నాయని గమనించింది. ప్రశ్నల్లా ఆ గదిలో వినబడేది ఎంతపాటి ఇంగ్లీషు అన్నదే. తనకే ఆ భాషలో ధారాళంగా మాట్లాడటం రాని టీచరును ఇంగ్లీషులోనే మాట్లాడాలని కట్టడి చేస్తే, ఆమె నోటి నుంచి వచ్చేవి నాలుగు ఆజ్ఞలు: సిట్ డౌన్, కీప్ క్వైట్, ఫింగర్ ఆన్ యువర్ లిప్స్, డోంట్ టాక్. చీమ గురించి సంభాషణ ఆమెకు తెలుగులో వచ్చు, కానీ అది నిషేధం. పిల్లకు ఇంగ్లీషు రాదు, తెలుగులో రావలసినవీ రావు. రైమ్సు అప్పజెప్పడాన్ని భాష రావడం అనుకోవద్దు. ఇంటి భాషలో దండిగా మాటలున్న పిల్లకు రెండో భాష మీద పట్టు త్వరగా దొరుకుతుంది. అందుకని ఇంగ్లీషు కావాలనుకునేవారు కూడా మొదట అడగవలసింది టీచరు పిల్లలతో ఏ భాషలో నవ్వుతుంది, ఏ భాషలో కథ చెబుతుంది అని. ఇదే న్యాయం తెలుగుకూ వర్తిస్తుందని మైదాన ప్రాంతాల వాళ్లం మరిచిపోతుంటాం. పాడేరులోనో, ఉట్నూరులోనో, భద్రాచలం చుట్టుపక్కలో, ఇంట్లో కోయ, గోండీ లాంటి గిరిజన భాష మాట్లాడే పిల్లకు తెలుగు కేంద్రం కూడా పరాయి భాష గదే. ఆ పిల్ల భాష తెలిసిన టీచరో ఆయానో ఉండటం అక్కడ నాణ్యతకు మొదటి గుర్తు.

ఇంత తర్జనభర్జన ఎందుకు, అమ్మమ్మా తాతయ్యా ఉన్న ఇంట్లో ఉంచితే పోదా అనే పెద్దలున్నారు. వారి మాటలో బలం ఉంది. అమెరికాలో 1991లో మొదలై 1300 మందికి పైగా పిల్లలను వెంబడించిన అధ్యయనంలో, పిల్లల ఎదుగుదలతో కేంద్రానికంటే కుటుంబానికే ఎక్కువ సంబంధం కనిపించింది. ఓపిక ఉన్న అమ్మమ్మ మంచి కేంద్రానికి తీసిపోదు, చెడ్డ కేంద్రం కంటే వెయ్యి రెట్లు నయం. కానీ మూడో అంతస్తు ఫ్లాటులో మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ, పగలంతా టీవీయో ఫోనో, తోటి పిల్లలు ఒక్కరూ లేకపోవడం – ఇదీ ఇల్లే. పై ప్రశ్నలను ఇంటికి కూడా వేసుకోవాలి.

ఇక అంగన్‌వాడీ. ఊళ్లో కాస్త ఉన్నవారు ‘అది మనకు కాదులే’ అని చెప్పే చోటు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఇవాళ దాదాపు 14 లక్షల కేంద్రాలైంది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55 వేలు, తెలంగాణలో సుమారు 35 వేలు. గుడ్డు, పాలు, టీకా, బరువు చూడటం – ఇవన్నీ ఒకచోట దొరికేది ఇక్కడే, ఏ ప్లేస్కూల్లోనూ దొరకవు. టీచరు ఆ ఊరి మనిషి, ఆ పిల్లల అమ్మల పేర్లు తెలిసిన మనిషి. చాలాచోట్ల ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పైన నేను చెప్పిన గుర్తుల్లో సగం ఇక్కడ ముందే ఉన్నాయి. లేనిది ఆమెకు సమయం. బాలింతల నుంచి రేషను దాకా, రిజిస్టర్ల నుంచి సెల్‌ఫోన్ యాప్‌ల దాకా ఒక్క చేతి మీదే నడవాలి. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన సమ్మె నాటికి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ టీచరు గౌరవవేతనం 11,500 రూపాయలు. పక్కనున్న తమిళనాడులో ఒక ప్రయోగం చేశారు. కొన్ని కేంద్రాలకు రోజుకు సగంపూట పనిచేసే మరొక మనిషిని, ప్రీస్కూలు చదువు కోసమే ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు ఏడాదిన్నర తర్వాత లెక్క తీస్తే, చదువుకు దొరికే సమయం రెట్టింపైంది, లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్లారు, పైగా గిడసబారిన పిల్లల సంఖ్య, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి, ఎందుకంటే పాత టీచరుకు ఆ పనికి తీరిక చిక్కింది. ఒక భవనం కట్టలేదు, ఒక గోడకు రంగు వేయలేదు. ఒక మనిషిని చేర్చారు, అంతే.

చివరి అభ్యంతరం చాలా న్యాయమైనది. మీరు చెప్పినవన్నీ చూడాలంటే లోపలికి రానివ్వాలి కదా, మా పేటలో ఉన్నదే ఒక్కటైతే ఎంపిక ఎక్కడిది, పొద్దున ఏడింటికి పనిలోకి పోయేవాళ్లకు గంటసేపు మూల కూర్చునే తీరిక ఎక్కడిది? నిజమే. నాణ్యతను కనిపెట్టే భారమంతా తల్లిదండ్రుల మీద వేసి ప్రభుత్వం పక్కకు తప్పుకోవడానికి వీల్లేదు. ఫీజు ఎంత పెరిగినా ఎవరూ వచ్చి చూడని వ్యాపారంగా ఇది సాగినంతకాలం రిసెప్షన్ గదులే మెరుస్తుంటాయి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్లకు మార్గదర్శకాలు రాసింది: గుర్తింపు ఉండాలి, 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక సంరక్షకురాలు ఉండాలి, మూడేళ్లు నిండని వారిని చేర్చుకోకూడదు, కొట్టడం తిట్టడం కుదరదు, తల్లిదండ్రుల సంఘం ఉండాలి. గుర్తింపు పత్రం చూపించమని అడగడానికి గంట పట్టదు, ఒక్క నిమిషం చాలు. తల్లిదండ్రులను ఏ వేళలోనూ లోపలికి రానివ్వం అనే కేంద్రం, పిల్లల భద్రత కోసమని చెప్పినా సరే, తన గురించి తాను చెప్పుకున్నట్టే. భద్రత కోసం ముందుగా చెప్పి రమ్మనడం సబబు. అసలే రావద్దనడం సబబు కాదు. అంగన్‌వాడీల్లో నెలకోసారి పూర్వప్రాథమిక విద్యా దినం జరపాలన్న నియమం ఉంది. ఆ రోజు తల్లిదండ్రులు వచ్చి పిల్లలు చేసినవి చూడవచ్చు, టీచరుతో కూర్చోవచ్చు. చాలాచోట్ల ఆ రోజు వచ్చేది ముగ్గురు నలుగురు తల్లులే, తండ్రులైతే అసలు కనిపించరు. మీ ఊళ్లో అది ఏ తారీఖో టీచరును అడగండి. ఆ రోజు గుడ్డు బరువు, పాల ప్యాకెట్టు తేదీ చూడటంతో ఆగకుండా, ఈ నెలలో పిల్లలకు ఏ కథలు చెప్పారని, మా పిల్ల ఎవరితో ఆడుకుంటోందని, ఏం చూసి భయపడుతోందని కూడా అడగండి. మీ పిల్ల గురించి ఆ టీచరు ఏమీ తడుముకోకుండా నాలుగు మాటలు చెప్పగలిగితే, ఆ కేంద్రానికి పైకప్పు రేకులదైనా ఫరవాలేదు.